ఒకేసారి అందరినీ పాము కరిస్తే

మా జిల్లా ఆరోగ్య కార్యాలయంలో మినిట్స్ రాసేవాణ్ని నేను. పేరు శోభనాద్రి. సమావేశంలో ఎవరేమన్నా దాన్ని మర్యాదగా, పొడుగ్గా, తప్పు ఎవరిమీదికీ రాకుండా రాసిపెట్టడం నా ఉద్యోగం. పెద్దసారు కునుకు తీస్తే "అధ్యక్షులవారు అంశాన్ని లోతుగా పరిశీలించారు" అని రాయడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. కాబట్టి ఈ కథలో అధికారుల మాటలు నేను కల్పించానని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అంత తెలివితక్కువ మాటలు కల్పించే శక్తి నాకు లేదు.

కథంతా ఒక చిన్న వెబ్ పేజీ గురించి. మా జిల్లాలో ఆరోగ్య కేంద్రాలకు కొదవ లేదు. పాముకాటు మందు మాత్రం ఇవాళ ఒక ఊళ్లో ఉంటే రేపు ఇంకో ఊళ్లో ఉంటుంది. తొలకరి పడి నాట్లు మొదలయ్యాయంటే, పొలంలో పాము కరిచిన మనిషిని ఆటోలో వేసుకుని ఎటు పరుగెత్తాలో తెలియక జనం చచ్చిపోయేవారు. ఊరికే మాటవరసకు అనడం లేదు. నిజంగానే చచ్చిపోయేవారు.

జిల్లా మందుల స్టోరులో హైమవతి అని ఫార్మసిస్టు ఉంది. ఆవిడకు ఇది చూడబుద్ధి కాక, ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుని ఒక పేజీ చేసింది. అందులో బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఎడమవైపు ఊరి పేరు, దాని పక్కన "ఉంది" లేకపోతే "లేదు". అంతే. రోజూ పొద్దున్నే అన్ని కేంద్రాలకూ ఫోన్ చేసి కనుక్కుని మార్చేది. ఇంటర్నెట్లో చిన్న పేజీలకు ఉచితంగా చోటిచ్చేవాళ్లు ఉంటారు కదా, అక్కడ పెట్టింది. డాబా ఎక్కితే గానీ సిగ్నల్ రాని ఊళ్లలో కూడా ఆ పేజీ టక్కున తెరుచుకునేది.

మా అక్క సుభద్ర, బావ కోటిలింగం కాకరపాడులో కౌలుకు వరి వేస్తారు. పోయిన తొలకరిలో బావను రక్తపింజర కరిచింది. అక్క ఫోన్ తీసి ఆ పేజీ చూసింది. దారిలో ఉన్న చినకొమెర కేంద్రంలో మందు లేదని, అవతల ఎదురువాకలో ఉందని చూపించింది. ఆటో చినకొమెరలో ఆగకుండా ఎదురువాక పోయింది. బావ బతికాడు.

"ఆవిడెవరో గానీ కడుపు చల్లగా ఉండాలిరా తమ్ముడూ. ఆ పేజీ ఒక్కటి ఉంటే మాకు పొలంలోకి దిగడానికి ధైర్యంగా ఉంటుంది" అంది అక్క. నేను ఆ మాట హైమవతికి చెప్పాను. ఆవిడ నవ్వి ఊరుకుంది.

పేజీ గురించి ఒక పత్రికలో నాలుగు ముక్కలు వచ్చాయి. దాంతో దాని జాతకం తిరగబడింది. జిల్లా డిజిటల్ ఆరోగ్య ప్రత్యేకాధికారి మార్తాండరావుగారు హైమవతిని పిలిపించారు. ఆయన నోరు తెరిస్తే గెజిట్ చదివినట్టు ఉంటుంది. ఇంట్లో మంచినీళ్లు కూడా "తగు చర్య నిమిత్తం" అడుగుతారని ఆయన డ్రైవరు చెప్పేవాడు.

"ఏమ్మా, ఈ అప్లికేషన్ ఏ ఫ్రేమ్‌వర్క్ మీద నిర్మితమైంది?"

"ఫ్రేమ్‌వర్క్ ఏమీ లేదు సార్. ఒక్క పేజీయే కదా, చేత్తో రాసేశాను."

"ఫ్రేమ్‌వర్క్ లేదు" అని ఆయన నావైపు తిరిగారు. నేను రాసుకున్నాను. "మరి హోస్టింగ్?"

"ఉచితంగా ఇచ్చేచోట పెట్టాను సార్."

"ఉచితం అంటే ఏ పద్దు కింద?"

"ఏ పద్దూ లేదు సార్. ఖర్చే లేదు కదా."

మార్తాండరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. మా దగ్గర చిన్న ఖర్చును చిన్న అధికారి, పెద్ద ఖర్చును పెద్ద అధికారి మంజూరు చేస్తారు. అసలు ఖర్చే లేనిదాన్ని మంజూరు చేసే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అలాంటిది ఒకటి ఈ ఆఫీసులో పుడుతుందని నియమాలు రాసినవాళ్లకు కలలో కూడా తోచి ఉండదు.

"ఖర్చు లేనిది మంజూరు కాదు. మంజూరు కానిది రికార్డు ప్రకారం లేదు. లేనిదాన్ని ప్రజలు వాడుతున్నారంటే ఇది చాలా తీవ్రమైన పరిణామం" అన్నారాయన.

"దానివల్ల మనుషులు బతుకుతున్నారు సార్."

"బతకడాన్ని నేను ఆక్షేపించడం లేదమ్మా. ఏ ఫ్రేమ్‌వర్క్‌లో బతుకుతున్నారన్నదే నా ప్రశ్న."

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి కమిటీ పడింది. నగరం నుంచి నిఖిలేశ్ అనే సలహాదారు వచ్చాడు. ఎండాకాలంలో కోటు వేసుకుని, మా మీటింగు హాల్లో ఫ్యాను కింద కుర్చీ కోసం చూపులతో వెతికేవాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు. ఏ చిన్న వస్తువు చూసినా అది పెద్దదైతే ఎలా ఉంటుందోనని బెంగపడే జబ్బు ఉంది, అంతే.

"మన సిస్టమ్ ఎంతమంది యూజర్లను తట్టుకోవాలి సార్?" అని అడిగాడు.

"రోజూ ఓ పదిమంది చూస్తారండి. నాట్లప్పుడు ఇంకొంచెం ఎక్కువ" అంది హైమవతి.

"అది ఇవాళ్టి మాట మేడమ్. వర్స్ట్ కేస్ చెప్పండి."

ఎవరికీ వర్స్ట్ కేస్ తట్టలేదు. అందరం మార్తాండరావుగారి వైపు చూశాం. ఆయన చాలాసేపు సీలింగు వైపు చూసి, "జిల్లా ప్రజలందరినీ ఒకేసారి పాము కరిస్తే?" అన్నారు.

నిఖిలేశ్ కుర్చీలోంచి సగం లేచాడు. "బ్రిలియంట్ సార్. దానికే డిజైన్ చేద్దాం."

"అన్ని పాములు ఎక్కడున్నాయండీ?" అంది హైమవతి.

"ఉన్న పాములే మళ్లీ మళ్లీ కరవవచ్చు. మనం ఎందుకు తక్కువ అంచనా వేయాలి?" అన్నారు మార్తాండరావుగారు.

"పోనీ అందరినీ కరిచిందే అనుకుందాం సార్. అంతమందికి మందు లేదు కదా. పేజీ తెరుచుకుని ఏం లాభం?"

"మందు ఈ కమిటీ పరిధిలోకి రాదమ్మా" అని ఆయన నావైపు తిరిగారు. నేను రాసుకున్నాను. ఆ రోజు నుంచి జిల్లాలో ఎవరినైనా పాము కరవడమనేది చిన్న విషయమైపోయింది. కరిస్తే అందరినీ కరవాలి.

తరువాత ఫ్రేమ్‌వర్క్ ఎంపిక మొదలైంది. ఫ్రేమ్‌వర్క్ అంటే ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడడానికి కర్రలతో కట్టే సారువ లాంటిదని నిఖిలేశ్ నాకు వివరించాడు. ఇల్లయ్యాక సారువ విప్పేస్తారు కదా అన్నాను. "ఇందులో విప్పరు సార్" అన్నాడు. వీళ్లు చివరికి ఇల్లు తీసేసి సారువ ఉంచుతారని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మొదటి సమావేశంలో ఒక ఫ్రేమ్‌వర్క్ ఖాయం చేశారు. మినిట్స్ మీద అందరి సంతకాలూ అయ్యేసరికి అది పాతబడిపోయిందని నిఖిలేశ్ బాధగా చెప్పాడు. దాన్ని తయారుచేసినవాళ్లే దాన్ని వదిలేసి ఇంకోటి చేశారట. రెండో సమావేశంలో ఆ ఇంకోటి ఖాయం చేశారు. అది మరీ కొత్తదట, దాన్ని వాడటం ఇంకా ఎవరికీ తెలియదట. మూడో సమావేశంలో మార్తాండరావుగారు కుర్చీ అంచుకు జరిగి, "పాతబడనిది, కొత్తది కానిది ఒకటి చూడండి" అన్నారు. అలాంటిది ఒకటే ఉందని, అది హైమవతి చేత్తో రాసిన పేజీయేనని నేను అనబోయి నోరు నొక్కుకున్నాను. మినిట్స్ రాసేవాడికి అభిప్రాయాలుండవు.

ఆ సమావేశంలోనే, ప్రజల్లో గందరగోళం తలెత్తకుండా పాత పేజీని ఇక మార్చకూడదని హైమవతికి ఉత్తర్వు ఇచ్చారు. పాత కబురు చూసి ఎవరైనా తప్పు ఊరికి పోతారన్న భయంతో ఆవిడ ఊళ్ల పేర్లన్నీ తీసేసి, "ఈ పేజీ ప్రస్తుతం నడవడం లేదు, క్షమించండి" అని ఒక్క ముక్క పెట్టింది.

ఆ వారమే అక్క ఫోన్ చేసింది. "పేజీలో ఏమీ రావట్లేదేంట్రా? ఇంకో రెండు నెలల్లో తొలకరి. మళ్లీ పొలంలోకి దిగాలి."

"కొత్తది వస్తుందక్కా. పెద్దది."

"పెద్దది మాకెందుకురా? మందు ఎక్కడుందో చెబితే చాలదూ?"

చాలదని కమిటీ తీర్మానించిందని ఆవిడకు ఎలా చెప్పను. "తొలకరిలోపు వచ్చేస్తుందిలే" అన్నాను.

హోస్టింగ్ కథ ఇంకా ఘనమైనది. పేజీ ఎక్కడో తెలియని చోట ఉండడం మార్తాండరావుగారికి ససేమిరా నచ్చలేదు. "మన పేజీ మన కళ్లముందుండాలి" అన్నారు. ఆఫీసు వెనుక తుప్పలు కొట్టించి సర్వర్ల కోసం గది కట్టించారు. దానికి చల్లగాలి యంత్రాలు, జనరేటరు, కాపలా. ప్రమాదం వచ్చి ఒక గది పాడైతే సేవ ఆగకూడదు కాబట్టి రెండో గది కావాలని నిఖిలేశ్ అన్నాడు. అది వేరే ఊళ్లో ఉండాలని అతని భావం. పర్యవేక్షణ సౌలభ్యం కోసం మావాళ్లు దాన్ని మొదటి గదికి ఆనుకుని, మధ్యగోడ ఒకటే వచ్చేలా కట్టించారు. ప్రారంభోత్సవం నాడు గుమ్మడికాయ కొట్టబోతుంటే గడప పక్కనుంచి ఒక కట్లపాము పాక్కుంటూ పోయింది. దాన్ని అందరూ శుభసూచకంగా తీసుకున్నారు.

కొత్త పేజీ చూడాలంటే ముందు పేరు నమోదు చేసుకోవాలి. ఫోనుకు నంబరు వస్తుంది, అది కొట్టాలి. తరువాత ఒక తెల్లని తెర మీద చక్రం తిరుగుతుంది. దాని వెనకాల ఫ్రేమ్‌వర్క్ పనిచేస్తోందని, అందుకే తిరుగుతోందని నిఖిలేశ్ గర్వంగా చూపించాడు. చక్రం ఆగాక జిల్లా పటం, దాని మీద పడగెత్తి ఆడే పాము బొమ్మ, కమిటీ అధ్యక్షులవారి సందేశం, అన్నిటికన్నా అడుగున మందు వివరాలు.

ఇక్కడ పెద్ద చిక్కొచ్చింది. అంత గొప్ప సర్వర్లు పెట్టాక వాటికి పని లేకపోతే పైవాళ్లు ఊరుకోరు. మార్తాండరావుగారు లెక్కలు తెప్పించి చూసి నిట్టూర్చారు.

"జిల్లాలో పాముకాట్లు మన హోస్టింగ్ సామర్థ్యానికి తగిన స్థాయిలో లేవు. క్షేత్రస్థాయి సిబ్బంది ఏం చేస్తున్నారు?"

ఈ మాట ఆయన నిజంగా అన్నారు. సిబ్బంది తరఫున ఎవరూ సంజాయిషీ చెప్పలేకపోయారు. పాములకు తాఖీదు పంపే మార్గం లేదు. అప్పుడు నిఖిలేశ్ ఒక ఉపాయం చెప్పాడు. దాని పేరు లోడ్ టెస్ట్. జిల్లాలోని ఉద్యోగులు, పొదుపు సంఘాల మహిళలు, కాలేజీ విద్యార్థులు అందరూ ఒక రోజు పొద్దున ఒకేసారి పేజీ తెరవాలి. తమను పాము కరిచినట్టు భావించి తెరవాలి. సిస్టమ్ నిలబడితే మనం గెలిచినట్టు.

"నాట్లు మొదలయ్యాయి సార్. ఇప్పుడు పేజీ ఆగితే నిజంగా కరిచినవాళ్ల గతేంటి? ఎండాకాలంలో పెట్టుకోవచ్చు కదా" అంది హైమవతి.

"ఎండాకాలంలో పాములెక్కడమ్మా? సీజన్ లేనప్పుడు పరీక్ష చేస్తే వాస్తవికత ఉంటుందా?" అన్నారు మార్తాండరావుగారు.

దానికి ముందు రిహార్సల్స్ కూడా జరిగాయి. వృద్ధ ఉద్యోగులకు వేలు ఎక్కడ నొక్కాలో నేర్పారు. లోపల సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఆరోగ్య కేంద్రాల సిబ్బంది అంతా, డాక్టర్లతో సహా, రోడ్డు మీదికి వచ్చి నిలబడాలని ఆదేశం వెళ్లింది. అందరూ ఒకేసారి నొక్కడానికి ప్రతిచోటా ఒకడు ఈల వేయాలి.

ఆ రోజు ఈల పడింది. జిల్లా అంతా ఒక్కసారిగా వేలు నొక్కింది. మీటింగు హాల్లో గోడ మీద పెద్ద తెర పెట్టారు. దాని మీద ఎర్రటి గీత ఒకటి నిట్టనిలువుగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత తెల్లని తెర వచ్చి చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది. టీలు వచ్చాయి, తాగాం, ఇంకా తిరుగుతూనే ఉంది.

"పడిపోయిందా?" అని అడిగారు మార్తాండరావుగారు.

"పడిపోలేదు సార్. ఆలోచిస్తోంది" అన్నాడు నిఖిలేశ్.

ఫోన్ టవర్ల మీద కూడా భారం పడి జిల్లాలో ఏ ఫోనూ కలవడం మానేసింది. మధ్యాహ్నం దాటాక గానీ నా ఫోను మోగలేదు. పెద్దాసుపత్రి నుంచి బావ. అక్కను పాము కరిచిందట.

నేను పోయేసరికి అక్కకు స్పృహ సరిగా లేదు. కాలు మోకాలి దాకా వాచి నల్లబడింది. బావ గోడకు ఆనుకుని నిలబడి, చేతిలో ఫోను అలాగే పట్టుకుని ఉన్నాడు. తెర మీద చక్రం ఇంకా తిరుగుతోంది. దాన్ని చూస్తుంటే నాకు ఆ ఫోను తీసి నేలకేసి కొట్టాలనిపించింది.

"ఎన్నిసార్లు నొక్కానో బామ్మర్దీ. నంబరు రాలేదు, ఏదీ రాలేదు. నూట ఎనిమిదికి చేస్తే కలవలేదు. ఆటోలో బయలుదేరాం. చినకొమెర దగ్గరికొచ్చేసరికి ఆసుపత్రోళ్లంతా ఫోన్లు పట్టుకుని రోడ్డెక్కి ఉన్నారు. డాక్టరు కూడా అక్కడే నిలబడ్డాడు. సమ్మె అనుకున్నాను. లోపల ఎవరుంటార్లే, పైగా పోయినేడు మందు లేదుగా అని ఆపకుండా ఎదురువాక తీసుకుపోయా. అక్కడ లేదన్నారు. అక్కణ్నుంచి ఇక్కడికి."

చినకొమెర వాళ్లను రోడ్డు మీదికి రమ్మని ఆదేశం టైపు చేసింది నేనే.

అక్క ప్రాణం దక్కింది. పాదం దక్కలేదు. విషం పాకి కింద కండ కుళ్లిపోయింది. "పాదం తీసేస్తే మిగతా కాలు ఆరోగ్యంగా ఉంటుంది" అన్నాడు సర్జన్. బావ సంతకం పెట్టాడు.

ఆ తరువాత సమీక్షా సమావేశం జరిగింది. నేను నా కుర్చీలో కూర్చున్నాను. నిఖిలేశ్ గ్రాఫు చూపించాడు.

"ఆల్మోస్ట్ అన్ని హిట్లూ మన లిస్టులో ఉన్న ఫోన్లవే సార్. ఒక్క ఫోను మాత్రం లిస్టులో లేదు. ఈల వేసిన కాసేపటికి నొక్కడం మొదలుపెట్టింది, అందరూ ఆపేశాక కూడా ఆగలేదు. ఇదొక్కటే గ్రాఫులో తేడాగా ఉంది. దీన్ని తీసేస్తే మిగతాదంతా ఆరోగ్యంగా కనిపిస్తుంది."

"తీసేయండి" అన్నారు మార్తాండరావుగారు.

మినిట్స్ రాసేవాడికి అభిప్రాయాలుండవని అన్నాను కదా. అక్కలుంటారు. "అది మా బావ ఫోను సార్" అన్నాను.

ఆయన చిరాకుగా చూశారు. "పరీక్షలోకి మీ బంధువులను ఎందుకు ప్రవేశపెట్టారు శోభనాద్రిగారూ?"

"నేను పెట్టలేదు సార్. పాము పెట్టింది. అక్కకు పాదం తీసేశారు."

నిఖిలేశ్ తల దించుకున్నాడు. మార్తాండరావుగారు మాత్రం తన సంతాపం తెలియజేస్తున్నట్టు రాసుకోమన్నారు. రాసుకున్నాను. సిస్టమ్ నెమ్మదించింది తప్ప పడిపోలేదు గనుక పరీక్ష సఫలమైనట్టు రాసుకోమన్నారు. అదీ రాసుకున్నాను. మరింత వేగం కోసం కొత్త ఫ్రేమ్‌వర్క్ ఎంపిక చేయడానికి ఉపసంఘం వేస్తున్నట్టు కూడా రాసుకున్నాను. అప్పుడు కలం కింద పెట్టాను.

"ఒక చిన్న సందేహం సార్. హైమవతిగారి పేజీని ఆపమని మనం ఇచ్చిన ఉత్తర్వు చెల్లదేమో."

"ఎందుకు చెల్లదు?"

"ఖర్చు లేనిది మంజూరు కాదు, మంజూరు కానిది రికార్డు ప్రకారం లేదు అని తమరే సెలవిచ్చారు. లేనిదాన్ని ఆపే అధికారం మనలో ఎవరికుంది సార్? రేపు ఆడిట్‌వాళ్లు అడిగితే ఏం చెబుతాం?"

మార్తాండరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మనిషి పాదం పోయినా చలించనివాడు ఆడిట్ మాట వినగానే ఉలిక్కిపడ్డాడు. "పాయింటే" అన్నారు చివరికి. "లేనిదాని విషయంలో ఈ కార్యాలయం ఏ చర్యా తీసుకోజాలదు. గత ఉత్తర్వు రద్దు చేసినట్టు రాసుకోండి."

ఆ ఒక్క ముక్క నేను చాలా అందంగా రాశాను. వెనక వరసలో కూర్చున్న హైమవతి అప్పటికే లేచి, ఫోను చెవికి ఆనించుకుని, కేంద్రాలకు ఒక్కొక్కటిగా ఫోన్ చేస్తూ బయటికి నడిచింది.

సాయంత్రం ఆసుపత్రికి పోయాను. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. బావ బత్తాయి ఒలుస్తున్నాడు. కాలి దగ్గర దుప్పటి కింద ఉండాల్సిన ఎత్తు లేదు. నేను అటు చూడకుండా, "పాత పేజీ మళ్లీ వచ్చిందక్కా" అన్నాను.

అక్క ఫోను తీసుకుని నొక్కింది. వేలు తీసేలోపే తెరుచుకుంది. బొమ్మల్లేవు, చక్రం లేదు. అక్క పెదవులు కదుపుతూ ఊళ్ల పేర్లు చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

"చినకొమెరలో ఉంది అని ఉందిరా. ఇవాళ వచ్చిందా మందు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. అబద్ధాలు రాయడం వచ్చు గానీ ఆవిడ ముఖం చూస్తూ చెప్పడం రాలేదు.

"లేదక్కా. తొలకరికి ముందే వచ్చింది."

బావ చేతిలో బత్తాయి ఆగిపోయింది. అక్క ఆ పేరు వంక ఇంకాసేపు చూసి, ఫోను బావ చేతికిచ్చింది.

"రేపు ఊళ్లోకి పోయి నాట్లకెళ్లేవాళ్లందరికీ ఇది చూపించు. కాళ్లున్నవాళ్లకైనా పనికొస్తుంది."